ఉలి పట్టిన అబ్బాయికి గురువు అక్కర్లేదా?

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. ఇరవై ఏళ్లుగా బెంగళూరు హొరమావులో ఉంటున్నాం. మా అబ్బాయి సెకండ్ పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడాది. ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే పల్లె బొమ్మలు గీస్తాడు. కొయ్యలో ఎడ్లను, వేరుశనక్కాయలు ఒలుస్తున్న మా అమ్మను చెక్కాడు. ఇంజనీరింగ్ వద్దంటున్నాడు. ఆర్ట్ కాలేజీకి వెళ్తే తన చెయ్యి పాడవుతుందట. ఇంట్లోనే ఉండి చెక్కుకుంటానంటే ఏం చెప్పాలి?

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫొటోలు చాలాసేపు చూశాను. మీ అమ్మగారు ఎడమ మోకాలు పైకి మడిచి, దానిమీద మోచెయ్యి ఆనించి కూర్చున్నారు. ఎన్నో సాయంత్రాలు ఎదురుగా కూర్చుని చూసినవాడికే ఆ భంగిమ దొరుకుతుంది. ఈ చూపున్న పిల్లవాణ్ణి ఇంజనీరింగ్‌లో చేర్పించమని నేను చెప్పను. అలాగని ఇంట్లో ఒంటరిగా చెక్కుకోమనీ చెప్పను.

బొమ్మ గీయడం వేరు, చెక్కడం వేరు. గీత తప్పితే కాగితం పోతుంది, ఉలి జారితే వేలు పోతుంది. ఎద్దు మెడ దగ్గర చీలిక చూశారా? కొయ్య సరిగా ఆరకముందే చెక్కాడు. ఏ కొయ్య ఎన్నాళ్లు ఆరాలి, కొయ్యలో గీత ఎటు నడుస్తోంది, ఉలిని ఎటునుంచి కొడితే పెచ్చు లేవదు, సానరాయి మీద పదును ఎలా తెప్పించాలి? ఇవన్నీ తనకు తానుగా తెలుసుకోవాలంటే ఏళ్లు పడతాయి. పనివాడి పక్కన కూర్చుంటే ఒక్క వేసవిలోనే చాలా తెలుస్తాయి.

కొయ్య బొమ్మలకు పేరైన చన్నపట్నం దగ్గరే కదా అనుకోకండి. అక్కడిది ముఖ్యంగా కొయ్యను లేత్ మీద తిప్పి లక్క పూసే పని. ఉలితో రూపం తీసే పని శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో ఉంది. పరీక్షలయ్యాక తీసుకెళ్లండి. తిరుపతిలో టీటీడీ వారి సంప్రదాయ శిల్ప కళాశాలలో కొయ్య శిల్పం కూడా నేర్పుతారు. అక్కడ నేర్పేది శాస్త్రం ప్రకారం దేవతామూర్తుల కొలతలు. కాయలు ఒలిచే అవ్వకు ఆ శాస్త్రంలో కొలత ఉండదు, కానీ పనిముట్టు చేతికి లొంగుతుంది.

ఇక చెయ్యి పాడవుతుందన్న భయం. క్రొయేషియాలో హ్లెబినె అనే పల్లె ఉంది. అక్కడి రైతు బిడ్డ ఇవాన్ జెనెరాలిచ్ 1914లో పుట్టాడు. బడి చదువు కొద్దిగానే. 1930లో క్ర్‌స్టో హెగెదూషిచ్ అనే చదువుకున్న చిత్రకారుడు అతని బొమ్మలు చూసి, రంగుల పని నేర్పాడు. మరుసటి ఏడాదే, పదిహేడో యేట, జెనెరాలిచ్ బొమ్మలు జాగ్రెబ్ ప్రదర్శనకెక్కాయి. తర్వాత గాజు మీద వేసిన బొమ్మలతో ప్రపంచమంతా పేరొచ్చింది. బొమ్మల్లో ఉన్నవి మాత్రం అతని ఊరి ఆవులు, పొలాలే. స్వయంగా నేర్చినవాడని లోకం చెప్పుకునే అతనికీ ఒకరు పని చూపించారు. ఈ సంగతి మీవాడికి చెప్పండి.

కాబట్టి బెంగళూరులోనే ఉన్న చిత్రకళా పరిషత్తు కాలేజీలో నాలుగేళ్ల బీవీఏకు, అంటే దృశ్యకళల డిగ్రీకి, ప్రయత్నించమనే నా సలహా. సీటు రాకపోతే, రోజులో సగం చేతిపనికి మిగిలే ఏదైనా డిగ్రీ చాలు.

డబ్బు మాట కూడా చెప్పాలి. ఈ పనిలో మొదటి కొన్నేళ్లు నెలనెలా జీతంలా రాదు. పరిషత్తు వారు కుమారకృప రోడ్డులో ఏటా జనవరి ప్రాంతంలో చిత్రసంతె, అంటే కళాకారులు తమ పని తామే అమ్ముకునే సంత, జరుపుతున్నారు. దరఖాస్తు పెట్టించండి. ఒక పుస్తకంలో ప్రతి బొమ్మకూ కొయ్య ఖరీదు, పట్టిన రోజులు, అమ్మిన ధర రాయించండి. చుట్టాలు మొహమాటానికి కొన్నవి అందులో రాయకండి, అవి లెక్కను తప్పుదోవ పట్టిస్తాయి. ఏడాది తిరిగాక ఆ పుస్తకం ముందు పెట్టుకుని తండ్రీకొడుకులు మాట్లాడుకోవాలి.

ఒక్కటే నాకు బెంగగా ఉంది. అవ్వ బొమ్మలో ఉన్న నిజం ఎడ్లలో లేదు. ఆ కొమ్ములు ఫోన్‌లో చూసి చెక్కినట్టున్నాయి, ఏ ఊరి ఎడ్లవో తెలియడం లేదు. ఈసారి ఊరికి వెళ్లేటప్పుడు ఫోన్ మీ దగ్గర పెట్టుకుని, చేతికి నోటుబుక్కూ పెన్సిలూ ఇచ్చి పంపండి. ఇప్పటికీ ఎవరింట్లో ఎడ్లున్నాయో మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది.