హైదరాబాద్ నుంచి డల్లాస్: టికెట్‌లో గంటలు ఎందుకు తగ్గాయి?

ఉదయం 4కి హైదరాబాద్‌లో ఎక్కి, అదే రోజు సాయంత్రం 4:30కి డల్లాస్‌లో దిగితే పన్నెండున్నర గంటలేనా అని అడిగారు కదండీ. కాదు, ఆ రెండూ ఎక్కడికక్కడి టైములు. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. అది కలిపితే మీ జూన్ ప్రయాణం 23 గంటలు.

ఆ 23 గంటల లెక్క ఇదీ: ముందు దుబాయ్‌కి దాదాపు 2,550 కి.మీ., 4 గంటలు. అక్కడ మూడు గంటలు ఆగాలి. ఆపై డల్లాస్‌కి సుమారు 12,900 కి.మీ., 16 గంటలు. వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి గంటకు పైనే కలిసొస్తుంది.

దారిలో మీ అమ్మగారి చేతి గడియారంలో టైము మార్చనివ్వకండి. మా అమ్మ ప్రయాణంలో తన గడియారంలోని ఇండియా టైము చూసే బీపీ మాత్ర వేసుకుంది.