పది రోజుల దీవికి ఇంత టెన్షనా?

ప్రశ్న: మా అమ్మాయి స్వీడన్‌లో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ చేస్తోంది. మధ్యధరా సముద్రంలో ఏదో దీవిలో ఆరుబయట స్వీడిష్ సినిమాల పండుగట, ఈ వేసవిలో పది రోజులు వాలంటీర్‌గా వెళ్తానంటోంది. తర్వాత ఫిల్మ్ ఫెస్టివల్ మేనేజ్‌మెంట్ కోర్సు చేస్తుందట. ఎంఎస్‌తో పోలిస్తే దానికి భవిష్యత్తు ఉందా? చదువుకి తీసుకున్న లోన్ ఏమైపోవాలి? మా బావమరిదికి ఏం చెప్పాలి?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: సార్, మీ ఉత్తరం కుదించి వేశాను. అసలు దాంట్లో ‘లోన్’ అనే మాట ఆరుసార్లు ఉంది. అమ్మాయికి ఏ సినిమాలంటే ఇష్టమో ఒక్కసారీ లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. దీవి పేరు మారుతుంది, భయం మాత్రం ఒకటే: పిల్ల చేయి జారిపోతోందని.

జారిపోలేదు. చెప్పకుండా వెళ్లే పిల్ల అయితే మీకు ఈ సంగతే తెలిసేది కాదు.

స్వీడన్ సినిమాలు అంత దూరం ఎందుకు, మోసమేమో అని కూడా రాశారు. జూన్‌లో స్టాక్‌హోమ్‌లో రాత్రి దాదాపు పదింటికి గానీ పొద్దు గుంకదు, ఆ తర్వాతా పూర్తిగా చీకటి పడదు. అప్పుడు ఆరుబయట తెర కట్టాలంటే దక్షిణానికి రావడమే నయం. పైగా ఆ సముద్రంతో వాళ్లకు పాత చుట్టరికమే. ఇటలీలోని కాప్రి దీవిలో ఆక్సెల్ ముంతే అనే స్వీడిష్ డాక్టరు కట్టుకున్న ఇల్లు ఆయన వీలునామాతో స్వీడన్‌కే చెందింది. 2022లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి గెలిచిన స్వీడిష్ దర్శకుడు రూబెన్ ఓస్ట్‌లుండ్ సినిమాలో దీవి దృశ్యాలు తీసింది గ్రీస్‌లోని ఎవియా దీవిలో. అలాగని నిర్వాహకులెవరో చూడకుండా పంపమనడం లేదు.

ఇక కోర్సు. దీని మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఫెస్టివల్ పని చూడ్డానికి రెడ్ కార్పెట్, చేసేటప్పుడు పెళ్లింటి పని. సినిమా ఫైలు వచ్చిందా, ప్రొజెక్టర్‌లో తెరుచుకుంటుందా, సబ్‌టైటిల్స్ సరిపోయాయా, గాలికి తెర తెరచాపలా ఉబ్బితే ఏం చేయాలి... ఇవి తరగతిలో కాదు, అక్కడ నిలబడితేనే వస్తాయి. ఉద్యోగాలు చాలావరకు సీజన్‌కే, నెలల లెక్కన. పోటీ అంటారా, 2021లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ ఫిల్మ్ ఫెస్టివల్ వాళ్లు ఒకే ఒక్కరిని లైట్‌హౌస్ దీవిలో వారం ఉంచి సినిమాలు చూపిస్తామంటే 12 వేల మందికి పైగా అప్లై చేశారు. ఊరికే చూడ్డానికి! జీతమిచ్చే పనికి ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి. ఆ సర్టిఫికెట్ కోసం ఇంకో లోన్ మాత్రం వద్దు.

ఎంఎస్ పూర్తి చేయనివ్వండి. అదీ, ఇదీ అని పోల్చాల్సిన పనే లేదు. పాత సినిమాల డిజిటైజేషన్, రెస్టోరేషన్ (పాడైన ప్రింట్లను బాగుచేయడం), సినిమాలు భద్రపరిచే ఆర్కైవ్‌ల డేటా, వీటన్నిటికీ కంప్యూటర్ తెలిసినవాళ్లు కావాలి. స్వీడిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1963 నుంచి ఉంది, ఆర్కైవ్ దాని సొంతం. మన దగ్గరా పాత సినిమాలను కాపాడే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ అనే సంస్థ 2019లో హైదరాబాద్‌లోనే రెస్టోరేషన్ వర్క్‌షాప్ పెట్టింది. మీకు తెలియలేదంటే ఆ దారి లేనట్టు కాదు సార్. తెలుసుకోకుండానే ‘సినిమా పిచ్చి’ అని అమ్మాయి ఫోన్ పెట్టేశానని రాశారు, అది తప్పు.

ఒక్క జాగ్రత్త. స్వీడన్ రెసిడెన్స్ పర్మిట్‌తో మిగతా షెంగెన్ దేశాల్లో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాలు) 180 రోజుల్లో 90 రోజుల దాకా ఉండొచ్చు. కానీ ఉండటం వేరు, పని చేయడం వేరు. తన పనికి ఆ దేశంలో ఏ అనుమతి కావాలో నిర్వాహకుల నుంచి రాతపూర్వకంగా తీసుకోమనండి.

మీ బావమరిదికా? సెలవులకు సముద్రం చూడ్డానికి వెళ్లిందని చెప్పండి. అబద్ధమేమీ కాదు.