తిమ్మిరెక్కక ముందే దిగు

చిరంజీవి చిట్టితల్లికి, అమలాపురం నుంచి పెదనాన్న ఆశీస్సులు.

ముక్కనుమ వెళ్లగానే మోటారు సైకిలు మీద కన్యాకుమారి బయలుదేరుతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. సగం గొప్పగానూ సగం ఫిర్యాదుగానూ చెప్పి, చివరికి "నువ్వైనా దానికి నచ్చచెప్పు అన్నయ్యా" అన్నాడు. నేను నచ్చచెప్పను. మన ఇంటి ఆడపిల్ల తన సంపాదనతో కొనుక్కున్న బండి మీద మూడు సముద్రాలు కలిసే చోటు దాకా పోయి వస్తానంటే వద్దనే నోరు నాకు లేదు. ముందు కనుమ నాడే బయలుదేరదామనుకున్నావట. కనుమ నాడు కాకైనా కదలదని మీ నానమ్మ బతికుంటే గుమ్మానికి అడ్డంగా కూర్చునేది. ఆ ఒక్కటీ మానుకున్నావు, అంతే చాలు.

మందుల కంపెనీ రిప్రజెంటేటివుగా నా ఉద్యోగమంతా కాకినాడకూ భీమవరానికీ మధ్య బండి సీటు మీదే గడిచింది కాబట్టి ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను. హెల్మెటు, కాగితాలు, టైర్లలో గాలి, చైను బిగువు సంగతి నీకు తెలుసు. వాటి గురించి రాయను. సామాను సంచి మాత్రం వీపుకు తగిలించుకోకు. దాని బరువంతా భుజాల మీదుగా దిగి నువ్వు కూర్చున్న చోటనే పడుతుంది. వెనక సీటు మీద తాళ్లతో బిగించి కట్టుకో.

నాకున్న భయం వేరే ఉంది. దూరం పోయేవాళ్లందరూ నొప్పి గురించి అడుగుతారు: నడుం నొప్పి వస్తే ఏం చెయ్యాలి, పిర్రలు నొప్పి పుడితే ఏం చెయ్యాలి అని. నొప్పి మంచిదే, అది మనల్ని బండి దింపుతుంది. తిమ్మిరి అలా కాదు. అంతసేపూ బాధపెట్టిన నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోయి హాయిగా అనిపిస్తే, ఆ హాయిని నమ్మకు. కాలికి స్పర్శ పోయిందన్నమాట. ఇది నాకు మీ నాన్న వల్లనే తెలిసింది.

మీ నాన్న కుడి పిక్క మీద అరచేయంత కాలిన మచ్చ ఉంది కదా, అది దీపావళి మతాబు వల్ల వచ్చిందని నీకు చెప్పి ఉంటాడు. అది మతాబు మచ్చ కాదు. నువ్వు పుట్టకముందు, తిరుపతి మొక్కు తీర్చుకోవడానికి ఇద్దరం చెరో బండి మీద బయలుదేరాము. నాది రాజ్‌దూత్, వాడిది యెజ్డీ. దూరప్రయాణం కదా అని వాడు ముందురోజు ఒక సీట్లు కుట్టే దుకాణానికి పోయి, ఉన్న సీటు మీద నాలుగు వేళ్ల మందాన పరుపుల్లో వాడే మెత్తటి స్పాంజి వేయించి, పైన కొత్త రెక్సిన్ కుట్టించుకుని వచ్చాడు. దాని మీద కూర్చుని చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. దుకాణం ముందు అయిదు నిమిషాలు కూర్చున్నవాడికి ఏ మెత్తటి సీటైనా బాగానే ఉంటుంది.

రావులపాలెం దాటి సిద్ధాంతం వంతెన ఎక్కేదాకా వాడు పాటలు పాడుకుంటూ వచ్చాడు. తణుకు దాటాక పాట ఆగింది. ఏలూరు దగ్గర చూస్తే సీటు మీద అటూ ఇటూ జరుగుతున్నాడు. ఆ మెత్తటి స్పాంజి అప్పటికే ఒంటి బరువుకు అణిగిపోయి, మధ్యలో గుంట పడి, వాణ్ణి ఆ గుంటలో ఇరికించేసింది. అంచుల దగ్గర ఉబ్బిన స్పాంజి తొడల వెనక నొక్కుతోంది. దానికి తోడు వెనక కుడి జేబులో డబ్బులూ రశీదులూ కుక్కిన లావుపాటి పర్సు ఒకటి. తుంటి నుంచి పాదం దాకా దిగే పెద్ద నరం పోయేది సరిగ్గా ఆ దారినే. విజయవాడలో కాసేపు ఆగుదామన్నాను. అన్నయ్య ఆగుదామన్నా తాను ఆగనక్కర్లేదని వాడి పట్టుదల. నేను ముసలివాణ్ణి కాబట్టి అడిగానన్నట్టు నవ్వాడు. చిలకలూరిపేట దాటాక వాడి ముఖం తేటపడింది. "ఇప్పుడు ఏ నొప్పీ లేదన్నయ్యా, అలవాటు పడిపోయాను" అని గట్టిగా కేకేసి చెప్పాడు కూడా.

ఒంగోలు ఇంకా రాకముందే ఒక టీ కొట్టు దగ్గర ఆపాము. నేను ముందు ఆగి, స్టాండు వేసి వెనక్కి తిరిగి చూస్తున్నాను. వాడు బండి నిలిపి కుడికాలు కింద పెట్టాడు. కాలు నేలకు తగిలిన సంగతి వాడికి తెలియలేదు. మోకాలు అలా మడుచుకుపోయింది, బండి మెల్లగా కుడివైపుకు ఒరిగింది, దాని కింద వాడూ పడ్డాడు. మన దేశంలో కుడివైపంటే రోడ్డు వైపు, తల్లీ. నిండుగా లోడెత్తిన లారీ ఒకటి వాడి తలకు మూరెడు దూరంలో నుంచి వెళ్లింది. ఆ గాలికి వాడి చొక్కా కాలరు ఎగరడం నా కళ్లతో చూశాను. యెజ్డీకి రెండు వైపులా సైలెన్సర్లు ఉంటాయి. కుడివైపు సైలెన్సరు పిక్క మీద ఆని ఉన్నా, మేము బండి ఎత్తేదాకా వాడు అరవలేదు, ఎందుకంటే వాడికి మంట తెలియలేదు. అరవలేదన్న సంగతే నన్ను ఇప్పటికీ నిద్రలో లేపుతుంది. వెనక బ్రేకు మీద ఉండవలసిన కాలు అదే. చిలకలూరిపేట దగ్గర ఏ గేదో అడ్డం వచ్చి ఉంటే ఏమయ్యేదో నువ్వే ఆలోచించుకో. ఇదంతా నీకు చెప్పానని మీ నాన్నతో అనకు.

అందుకే చెబుతున్నాను, గంటకొకసారి దిగు. నొప్పి వచ్చినా రాకపోయినా, ముందు మంచి హోటలు ఉందని ఎవరు చెప్పినా, దిగు. బండి మీదే కూర్చుని కాళ్లు చాపుకుంటే దిగినట్టు కాదు. స్టాండు వేసి, హెల్మెటు తీసి, నూరడుగులు నడిచి, మోకాళ్లు ఎత్తి దించి, నడుం వెనక్కి వంచి, అప్పుడు మళ్లీ ఎక్కు. మా రోజుల్లో ఈ పని మాకు గోదావరే చేసిపెట్టేది. అమలాపురం నుంచి కాకినాడ పోవాలంటే ఎదుర్లంక రేవులో, పాలకొల్లు వైపు పోవాలంటే చించినాడ రేవులో బండి దిగి, బండ్లనూ మనుషులనూ నది దాటించే పంటు కోసం కాచుకోవలసిందే. ఎండలో నిలబడి విసుక్కునేవాళ్లం, పంటువాడిని తిట్టుకునేవాళ్లం, కానీ అవతలి ఒడ్డున బండి ఎక్కేసరికి నడుం కొత్తగా ఉండేది. ఇప్పుడు రెండు చోట్లా వంతెనలు వచ్చాయి. నువ్వు 216వ నంబరు జాతీయ రహదారి పట్టుకున్నావంటే చించినాడ వంతెన మీద వశిష్ఠ గోదావరినీ, పులిగడ్డ–పెనుమూడి వంతెన మీద కృష్ణనూ దాటి, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరేదాకా నిన్ను ఆపేవాళ్లు లేరు. మా రేవులు నీకు లేవు కాబట్టి నీ రేవులు నువ్వే పెట్టుకోవాలి. బయలుదేరేముందు ఏ ఊరి దగ్గర దిగుతావో కాగితం మీద రాసుకో, ఆ కాగితం ట్యాంకు మీద అంటించుకో. ఒంగోలు తరువాత నెల్లూరు దాకా దారి తిన్నగా, నున్నగా ఉంటుంది. అక్కడే ఎక్కువ జాగ్రత్త. గతుకుల రోడ్డు మీద మనిషి తెలియకుండానే కదులుతూ ఉంటాడు, నున్నటి రోడ్డు మీద కొయ్యబారిపోతాడు.

ఇక సీటు సంగతి. గట్టి బల్ల మీద అరచేతులు పిర్రల కింద పెట్టుకుని ఒకసారి కూర్చుని చూడు. రెండు ఎముకలు అరచేతులకు గుచ్చుకుంటాయి. కూర్చున్న మనిషి బరువు ఆ రెండింటి మీదే నిలవాలి. సీటు కాస్త గట్టిగా, వెనక భాగం వెడల్పుగా ఉంటే బరువు వాటి మీద నిలుస్తుంది. మరీ మెత్తగా ఉంటే ఎముకలు అడుగుకు దిగిపోయి, బరువు మోయకూడని కండ మీదా వెన్నుపూస కొస మీదా పడుతుంది. సీటు ముందుకు వాలుగా ఉంటే మనిషి ట్యాంకు వైపు జారుతూనే ఉంటాడు, అదొక పోరు. మార్పించదలచుకుంటే గట్టి స్పాంజితోనే చేయించు. అదీ ఇప్పుడే చేయించు, పండుగ హడావిడిలో కాదు. నాలుగు రోజులు రాజమహేంద్రవరం, కాకినాడ తిరిగి చూస్తే లోపం ఉంటే ఇక్కడే బయటపడుతుంది. గాలి నింపే దిండు కొన్నావని విన్నాను. మంచి వస్తువే, కానీ బిర్రుగా గాలి కొట్టేస్తే బంతి మీద కూర్చున్నట్టు ఊగుతావు. నువ్వు కూర్చున్నాక ఎముకలు సీటుకు తగలకుండా కాస్త సందు ఉండేంత గాలి ఉంచి, మిగిలింది వదిలేయి.

నీ మీటియర్ బండి సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లే కాబట్టి నీ రెండు పాదాలూ నేలకు నిండుగా ఆనుతాయి. మీ నాన్న కథ తెలిసినవాణ్ణి, నాకు అది కొండంత ధైర్యం. కానీ ఆ బండికి ఫుట్‌రెస్టులు కాస్త ముందుకు ఉంటాయి. కాళ్లు ముందుకు చాపి కూర్చుంటే పాదాలు బరువు పంచుకోలేవు, అంతా నడుం కిందికి చేరుతుంది. పాదాలు సరిగ్గా కింద ఉండే బండి మీద గతుకు వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద లేచి దెబ్బను మోకాళ్లతో కాచుకోవచ్చు. నీకు ఆ వీలు తక్కువ. అందుకని స్పీడ్ బ్రేకరు కనిపించగానే బాగా నెమ్మదించు, గూనిగా జారగిలబడకుండా తుంటిని వెనక్కి జరిపి నిటారుగా కూర్చో. సామాను కట్టాక వెనక షాక్ అబ్జార్బర్లను ఆ బరువుకు తగ్గట్టు సరిచేయించు. చాలామంది దీన్ని మరిచిపోయి సీటును తిడతారు. హ్యాండిల్‌ను పిడికిలి బిగించి పట్టుకోకు. చేతివేళ్లలో తిమ్మిరి మొదలైందంటే నువ్వు భయపడుతూనో, గాలితో పోట్లాడుతూనో నడుపుతున్నావన్నమాట. కన్యాకుమారి దగ్గరలో కొండల మధ్య ఉన్న అరల్వాయిమొళి కనుమ దగ్గర రోడ్డు పక్కన గాలిమరలు ఊరికే పెట్టలేదు. అక్కడ గాలి పక్క నుంచి తోస్తుంది, వేగం తగ్గించి భుజాలు వదులు చేసుకో.

జీన్సు ప్యాంటు వేసుకోకు. తొడల మధ్య కలిసే ఆ లావు కుట్టు పొద్దున్న ఏమీ అనదు, మధ్యాహ్నానికి కత్తిలా కోస్తుంది. లోపలి నూలు బట్టలు కూడా చెమట పీల్చుకుని తడిగానే ఉండి ఒరుసుకుంటాయి. సైకిలు తొక్కేవాళ్లు వేసుకునే, కుట్లు లేని, త్వరగా ఆరిపోయే లాగులు దొరుకుతున్నాయి, అవి కొనుక్కో. ఒరుసుకునే చోట ముందే కాస్త వాజలీన్ రాసుకో. సాయంత్రం బసకు చేరగానే స్నానం చేసి పూర్తిగా తుడుచుకుని పొడిబట్టలు కట్టుకో. ఫోను వెనక జేబులో పెట్టుకోకు, ఎందుకో పైన చెప్పాను.

ఈ కింది ముక్క మీ పెద్దమ్మ పక్కన కూర్చుని రాయిస్తోంది. దారిలో ఎక్కడ వెళ్లాలో అన్న మొహమాటంతో ఆడపిల్లలు మంచినీళ్లు తాగడం మానేస్తారట, నువ్వు ఆ పని చేస్తే తనతో మాట్లాడవద్దంటోంది. టోల్ ప్లాజాల దగ్గరా పెద్ద పెట్రోలు బంకుల్లోనూ మరుగుదొడ్లు ఉంటాయి. నీ కాగితం మీది ఆగే చోట్లు వాటిని బట్టి పెట్టుకో. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలలేదని గుర్తు. నీళ్లు తగ్గితే కండరాలు పట్టేస్తాయి, తల బరువెక్కుతుంది, మూత్రంలో మంట పట్టుకుంటే మిగిలిన ప్రయాణమంతా నరకం. నెలసరి రోజులు మధ్యలో పడేటట్టయితే ఆ రెండు రోజులు ఏ ఊళ్లోనో ఆగిపొమ్మంటోంది, ఆ తడితో గంటల తరబడి సీటు మీద కూర్చుంటే చర్మం లేచిపోతుందట. మధ్యాహ్నం పప్పూ నెయ్యీ కలుపుకుని కడుపునిండా తినవద్దని కూడా తనే చెప్పింది. ఆ మాట నేనంటే నమ్మవు కదా.

మందులు అమ్ముకుని బతికినవాడిగా ఒక్క సంగతి. నొప్పి మాత్ర వేసుకుని బండి ఎక్కకు. నొప్పి మాత్రలు నేను పెట్టెలకు పెట్టెలు అమ్మాను, వాటి మీద నాకు ద్వేషం లేదు. రాత్రి బసలో, భోజనమయ్యాక, అవసరమైతే వేసుకో. పొద్దున్నే వేసుకుంటే అది ఒంటి కేకను నొక్కేసి, దిగవలసిన చోట నిన్ను దిగనివ్వదు. జలుబు మాత్రల్లో చాలావాటికి నిద్రమత్తు ఉంటుంది, వాటి జోలికి అసలే పోకు.

వెళ్లేటప్పుడు నువ్వు జాగ్రత్తగానే వెళతావని నాకు నమ్మకముంది. నా బెంగ తిరిగి వచ్చేటప్పటి గురించి. చూడవలసింది చూసేశాక మనిషికి ఇల్లు లాగుతుంది; చెన్నై నుంచి ఒక్కరోజులో అమలాపురం వచ్చేద్దామనిపిస్తుంది. రాకు. ఒంగోలులో రాత్రి పడుకుని, పొద్దున్న మంచు విడిచాక బయలుదేరు. అక్కడ గది నేనే మాట్లాడి పెడతాను, డబ్బులిస్తానంటే కోప్పడతాను. భోగి నాడు బండి తీసుకుని మన ఇంటికి రా, సీటు చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న