ధాత కరువునాడు కార్లున్నాయా?

ప్రశ్న: మేడమ్, నాకూ మా వాడికీ ఐదో తరగతి నుంచి స్నేహం. ఇద్దరం వేరుశనగ రైతులం. ఎండలు ముదరడానికి మనం కాల్చే బొగ్గు, పెట్రోలే కారణమని నేనంటే కొట్టిపారేస్తాడు. 'ధాత కరువునాడు కార్లున్నాయా? ఇదంతా సోలార్ వాళ్లు భూములు లాక్కోవడానికి అల్లిన కథ' అంటాడు. వాడి నాలుగెకరాలు సోలార్ ప్లాంటుకు కౌలుకిచ్చాడు, రెండేళ్లుగా డబ్బు సరిగా రావడం లేదు. మొన్న టీ కొట్టు దగ్గర మాటామాటా పెరిగింది. ఇప్పుడు ఎదురుపడినా తల తిప్పుకుంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, ధర్మవరం

జవాబు: బాబూ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ స్నేహితుడిది ఒక గొడవ కాదు, రెండు. ఒకటి గాలి గురించి, ఇంకోటి భూమి గురించి. మీరు మొదటిదానికే జవాబు చెబుతూ వచ్చారు.

ధాత కరువు మాట నిజమే. 1876-78లో సీమ ఎండిపోయినప్పుడు కార్లు లేవు. ఆ మాట ముందు ఒప్పుకోండి. పసిఫిక్ సముద్రపు నీళ్లు మామూలుకన్నా వేడెక్కే ఎల్ నినో వచ్చిన ఏళ్లలో మన వానలు చాలాసార్లు దెబ్బతింటాయి, అప్పుడూ అంతే. కరువు ఒకటి రెండేళ్ల సంగతి. ఇప్పుడు మనం మాట్లాడేది భూమంతా తరాల తరబడి ఒకే వైపు పెరుగుతున్న వేడి గురించి.

నేను ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. ఈ పాఠం వచ్చినప్పుడు పాలకేంద్రం పోలిక చెప్పేదాన్ని. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్-14 అనే రకం రవ్వంత ఉంటుంది. బతికున్న చెట్టు దాన్నీ పీల్చుకుంటుంది. చెట్టు చచ్చాక అది సుమారు 5,730 ఏళ్లకు సగమవుతుంది, మళ్లీ అన్నేళ్లకు అందులో సగం. మన సింగరేణి బొగ్గు 25 కోట్ల ఏళ్లు దాటినది, అందులో అది ఏమీ మిగలదు. అలాంటి బొగ్గు పొగ కలిస్తే గాలి నీళ్లు కలిపిన పాలలా పలచబడాలి కదా! 1950ల్లో హాన్స్ సూస్ అనే శాస్త్రవేత్త చెట్ల వలయాల్లో సరిగ్గా ఆ పలచదనాన్నే పట్టుకున్నాడు. 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది.

'సూర్యుడే వేడెక్కాడేమో' అంటే కంబళి సంగతి చెప్పండి. కంబళి వేడి పుట్టించదు, ఒంటి వేడిని పోనివ్వదు. భూమికి ఈ కార్బన్ డయాక్సైడే కంబళి. లోపల వెచ్చన, పైన చల్లన. సూర్యుడిదే పనైతే కింది గాలీ పై గాలీ రెండూ వేడెక్కాలి. కొలిచి చూస్తే కింద వేడెక్కుతోంది, పైన స్ట్రాటోస్ఫియర్ అనే గాలి పొర చల్లబడుతోంది. అందులో ఓజోన్ తరగడం పాలు కొంత ఉంది, మిగతాది ఈ కంబళి పనే. ఇలా జరుగుతుందని సుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ అనే శాస్త్రవేత్తలు 1967లోనే లెక్కగట్టి చెప్పారు. మనాబేకు 2021లో నోబెల్ వచ్చింది.

ఒక్క జాగ్రత్త. ప్రతి ఎండకూ, ప్రతి తుపానుకూ 'చూశావా' అనకండి. ఒక చల్లని వేసవి వస్తే ఆ మాటే మీకు ఎదురు తిరుగుతుంది.

ఇక భూమి సంగతి. మా మరిది కూడా ఇలాగే వాదించేవాడు. ఒక పెళ్లిలో, పదిమంది ముందు, నేను అతన్ని గ్రాఫులతో నోరెత్తనివ్వలేదు. ఆరు నెలలు మా గడప తొక్కలేదు. అతని బోరు ఎండిపోయి అప్పులపాలయ్యాడని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు అడగాల్సింది అదీ. ఇప్పటికీ బాధే.

సోలార్ కరెంటు అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. అయినా కౌలు డబ్బు ఎగ్గొట్టడం అన్యాయమే. మీ స్నేహితుడికి ఆ మాట మీ నోట వినిపించాలి. ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్లండి. కౌలు అగ్రిమెంటు తీయమనండి. ఏ నెలలో ఎంత రావాలో, ఎంత వచ్చిందో ఇద్దరూ ఒక కాగితం మీద రాయండి. దాన్ని పట్టుకుని వకీలు దగ్గరికి ఆయనతో పాటు మీరూ నడవండి. పాలకేంద్రం, కంబళి కబుర్లు తిరిగొచ్చే దారిలో ఆయనే అడిగితే చెప్పండి.