అమెరికా రాజకీయాల్లో, కథల్లో ఒకే పేరున్నవాళ్లు ఇంతమంది ఎలా ఉన్నారు?

మీరు అడిగింది ఇదీ: "వెస్ట్ వింగ్" సీరియల్లో ప్రెసిడెంట్ పేరు జోసయా బార్ట్‌లెట్. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్లలోనూ ఒక జోసయా బార్ట్‌లెట్ ఉన్నాడు. ఇది అనుకోకుండా జరిగిందా, ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని.

ఉన్నాయండీ, బోలెడు. బార్ట్‌లెట్ పేరు మాత్రం కావాలని పెట్టిందే. అసలు మజా ఎవరూ కావాలని పెట్టకుండా కుదిరిన పేర్లలో ఉంది. నేనుండేది పెన్సిల్వేనియాలో, పిట్స్‌బర్గ్ దగ్గర. ఈ విషయంలో మా రాష్ట్రాన్ని కొట్టేది ఇంకోటి లేదని నా నమ్మకం.

ముందు బార్ట్‌లెట్. అసలాయన న్యూహ్యాంప్‌షైర్‌లో, కింగ్‌స్టన్ అనే ఊళ్లో డాక్టరు. సీరియల్లో ప్రెసిడెంటుదీ న్యూహ్యాంప్‌షైరే, తాను ఆయన వంశంవాణ్ణేనని చెప్పుకుంటాడు కూడా. ఇంగ్లీషు స్పెల్లింగులో చివరి "టీ" ఒకటి తగ్గించారు, అంతే తేడా. చాలామంది గమనించని సంగతి ఇంకోటుంది. ఆ రోజుల్లో న్యూహ్యాంప్‌షైర్ వాళ్లు తమ రాష్ట్రాధినేతను గవర్నర్ అనేవారు కాదు, ప్రెసిడెంట్ అనేవారు. 1790 నుంచి 1792 దాకా ఆ పదవిలో ఉన్నది ఈయనే. అంటే "ప్రెసిడెంట్ బార్ట్‌లెట్" అనే మనిషి నిజంగానే ఉండేవాడు! 1792లో పదవి పేరు గవర్నర్‌గా మార్చారు, తొలి గవర్నర్ కూడా ఆయనే అయ్యాడు.

ఇక మా కేసీల కథ. స్క్రాంటన్ ఊరికి చెందిన రాబర్ట్ పి. కేసీ రాష్ట్ర ఆడిటర్ జనరల్‌గా (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే పదవి, ఇక్కడ దానికీ ఎన్నికే) రెండు విడతలు చేసి మంచి పేరు తెచ్చుకున్నాడు. 1976లో రాష్ట్ర ఖజానా చూసే ట్రెజరర్ పదవికి రాబర్ట్ ఇ. కేసీ అనే ఇంకొకాయన నిలబడ్డాడు. కేంబ్రియా కౌంటీలో దస్తావేజులు రిజిస్టర్ చేసే అధికారి. పెద్దగా ఖర్చూ లేదు, ప్రచారమూ లేదు. జనం మన కేసీయే కదా అని గెలిపించేశారు.

అసలు దెబ్బ 1978లో పడింది. స్క్రాంటన్ కేసీ గవర్నర్ టికెట్ కోసం డెమోక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే ఎన్నికలో, నిలబడ్డాడు. పోటీ పిట్స్‌బర్గ్ మాజీ మేయర్ పీట్ ఫ్లాహర్టీతో. అదే బ్యాలట్‌లో లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్‌కు డిప్యూటీ లాంటి పదవి) స్థానానికి ఇంకో బాబ్ కేసీ! ఈయన పిట్స్‌బర్గ్ వైపు స్కూలు టీచరు, ఐస్‌క్రీమ్ వ్యాపారం కూడా ఉండేది. గవర్నర్ టికెట్‌కు పోటీపడిన కేసీ ఓడిపోయాడు, ఐస్‌క్రీమ్ కేసీ గెలిచాడు. మా వీధిలో స్టీల్ మిల్లులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నాడు. ఆ రోజు ఓటేసినవాళ్లలో తనూ ఒకడు. "ఫ్లాహర్టీ గవర్నరు, కేసీ ఆయన కింద, ఇద్దరూ మంచోళ్లే, జోడీ బాగా కుదిరిందనుకుని ఓటింగ్ యంత్రం మీటలు లాగేసి వచ్చాం" అంటాడు. ఇప్పటికీ నవ్వుకుంటూనే చెబుతాడు. నవంబరులో ఆ జోడీ రిపబ్లికన్ల చేతిలో ఓడింది.

1986లో స్క్రాంటన్ కేసీ మళ్లీ వచ్చాడు, ఈసారి "అసలు బాబ్ కేసీని నేనే" అని ప్రచారం చేసుకుంటూ. గెలిచాడు. ఓడిన ప్రత్యర్థి పేరేమిటో తెలుసా? విలియం స్క్రాంటన్. కేసీ ఊరికి ఆ పేరు వచ్చిందే ఆ కుటుంబం వల్ల. 2004లో ఈ కేసీ కొడుకు బాబ్ కేసీ జూనియర్ ట్రెజరర్‌గా ఎన్నికయ్యాడు, అంటే ఒకప్పుడు తండ్రి పేరు మీద ఇంకొకాయన కొట్టేసిన కుర్చీయే. తర్వాత సెనేటర్ అయ్యి 2025 మొదటి దాకా ఉన్నాడు.

ఇదంతా ఎలా సాధ్యమని నాకూ అనిపించేది. సిటిజన్‌షిప్ వచ్చాక ప్రైమరీ బ్యాలట్ పోస్టులో ఇంటికొస్తే అర్థమైంది. వంటింటి బల్ల మీద విప్పి చూస్తే గవర్నర్, సెనేటర్ల దగ్గర ఇబ్బంది లేదు, టీవీలో చూసిన మొహాలే. కింద లెఫ్టినెంట్ గవర్నర్ వరసకు వచ్చేసరికి పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో కౌంటీ పేరు, పక్కన నల్ల ఇంకుతో నింపాల్సిన చిన్న గుండ్రం. అంతే. ఎన్నికల గుర్తు లేదు, ఫొటో లేదు. ప్రైమరీ కాబట్టి అందరిదీ ఒకే పార్టీ, కనుక పార్టీ చూసి తేల్చుకునే వీలూ లేదు. మన దగ్గరా ఓట్లు చీల్చడానికి అదే పేరున్నవాళ్లను వెతికి నిలబెడతారనుకోండి. కానీ మన బ్యాలట్ మీద ఎన్నికల గుర్తు ఉంటుంది, 2015 నుంచి ఈవీఎం మీద ఫొటో కూడా పెడుతున్నారు. ఇక్కడ ఎప్పుడో విన్న పేరు కనబడితే చెయ్యి దానంతటదే అటు పోతుంది.

మసాచుసెట్స్‌లోనూ ఇదే. 1954లో జాన్ ఎఫ్. కెనెడీ అక్కడ రాష్ట్ర ట్రెజరర్‌గా గెలిచాడు. మీరనుకునే కెనెడీ కాదు, ఆయన అప్పటికే సెనేటర్. ఈయన జిలెట్ బ్లేడ్ల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసుకునే మనిషి. వరసగా మూడుసార్లు గెలిచి, 1960లో గవర్నర్ టికెట్‌కు ప్రయత్నించి ప్రైమరీలో ఓడాడు.

సినిమావాళ్లు దీన్ని వదులుతారా? 1992లో "ది డిస్టింగ్విష్డ్ జెంటిల్మన్"లో ఎడ్డీ మర్ఫీ పాత్ర పేరు థామస్ జెఫర్సన్ జాన్సన్. జెఫ్ జాన్సన్ అనే కాంగ్రెస్ సభ్యుడు చనిపోతే, తన పేరును జెఫ్ జాన్సన్‌గా కుదించుకుని ఆ సీటు కొట్టేస్తాడు. కామెడీ అంటారు గానీ మా పెన్సిల్వేనియా వాళ్లకు అది డాక్యుమెంటరీ.

జాక్ ర్యాన్ సంగతి ఒక్క ముక్కలో. టామ్ క్లాన్సీ నవలల్లో జాక్ ర్యాన్ ఏకంగా ప్రెసిడెంట్ అవుతాడు. 2004లో ఇల్లినాయ్‌లో నిజం జాక్ ర్యాన్ సెనేట్‌కు రిపబ్లికన్ అభ్యర్థి. విడాకుల కాగితాలు బయటపడి తప్పుకున్నాడు. అవతలి అభ్యర్థి బరాక్ ఒబామా.

నాకు బాగా ఇష్టమైంది మాత్రం చర్చిల్‌ల వ్యవహారం. 1899 నాటికి అమెరికాలో విన్‌స్టన్ చర్చిల్ అంటే నవలా రచయిత. బ్రిటిష్ చర్చిల్ అప్పుడప్పుడే రాస్తున్న కుర్రాడు. ఆ కుర్రాడే "విన్‌స్టన్ చర్చిల్ గారికి విన్‌స్టన్ చర్చిల్ నమస్కారాలతో" అన్న ధోరణిలో ఉత్తరం రాసి, ఇకనుంచి తన పుస్తకాల మీద స్పెన్సర్ అని కూడా వేసుకుంటానన్నాడు. తనకు మధ్య పేరు లేదని, ఉంటే తానే వాడుకునేవాణ్ణని అమెరికన్ జవాబిచ్చాడు. ఈ రచయిత కూడా రాజకీయాల్లోకి దిగాడు, అదీ బార్ట్‌లెట్‌ల న్యూహ్యాంప్‌షైర్‌లోనే. శాసనసభకు ఎన్నికయ్యాడు గానీ, 1906లోనూ 1912లోనూ గవర్నర్ కావాలని చూస్తే కుదరలేదు. బ్రిటిష్ చర్చిల్ పుస్తకాల అట్టల మీద ఇప్పటికీ పేరు మధ్యలో కనిపించే "ఎస్" ఆ ఉత్తరాల నాటిదే.