ఇంజిన్ బాగానే ఉన్నా మందు చల్లే విమానం టేకాఫ్‌లో ఎందుకు కూలుతుంది?

"ఇంజిన్ ఫుల్ పవర్‌లోనే ఉంది, అయినా విమానం రన్‌వే చివర కంచెలోకి దూసుకుపోయింది, ఎలా?" అని అడిగారు. ఇలాంటి ప్రమాదాల్లో చాలావాటికి బీజం హాపర్ (విమానంలో మందు పోసే ట్యాంకు) నింపే దగ్గరే పడుతుంది.

ముందు దూరం లెక్క చూడండి. చిన్న విమానాలకు బ్రిటన్ విమానయాన నియంత్రణ సంస్థ ఇచ్చే గుణకాలు ఇవి: బరువు 10 శాతం పెరిగితే టేకాఫ్ దూరం 1.2 రెట్లు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే 1.1. పొడి గడ్డికి 1.2, తడి గడ్డికి 1.3. నేల విడిచే వేగంలో పదో వంతు వెనకగాలి ఉంటే ఇంకో 1.2. వీటిని కూడితే చాలదు, ఒకదానితో ఒకటి హెచ్చవేయాలి. మాన్యువల్‌లో 15 డిగ్రీల వద్ద 450 మీటర్లు అని ఉందనుకోండి. 35 డిగ్రీల ఎండలో, పొడి గడ్డి మీద, ఆ మాత్రం వెనకగాలితో అది దాదాపు 785 అవుతుంది. పైన 10 శాతం బరువు ఎక్కితే 940. రన్‌వే 800 మీటర్లే అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పొద్దున్నే అవలీలగా లేచిన లోడు మధ్యాహ్నం లేవకపోవడానికి కారణం ఇదే. వెనకగాలి కూడా ఊరికే రాదు. లోడింగ్ ట్రక్కు ఒక చివరే ఉంటుంది కాబట్టి, గాలి తిరిగినా అటునుంచే లేపేస్తుంటారు.

బరువు దగ్గర ఇంకో మోసం ఉంది. హాపర్ మీద గీతలు లీటర్లకో గ్యాలన్లకో ఉంటాయి, కిలోలకు కాదు. 1,900 లీటర్ల నీళ్లు 1,900 కిలోలు. అదే గీత దాకా యూరియా అమ్మోనియం నైట్రేట్ ద్రవ ఎరువు పోస్తే, లీటరు సుమారు 1.3 కిలోలు కాబట్టి, 2,470 కిలోలు. 570 కిలోలు చడీచప్పుడు లేకుండా ఎక్కేశాయి! లోడింగ్ చేసే మనిషికి ఎప్పుడూ కిలోల్లో చెప్పి, ఆ మందుకు ఏ గీత దగ్గర ఆపాలో ట్యాంకు మీదే రాసిపెట్టాలి.

రన్‌వే సగంలో కనిపించేలా ఒక జెండా పాతండి. అక్కడికి చేరేసరికి నేల విడిచే వేగంలో 70 శాతం రాకపోతే పవర్ తీసేసి ఆపాలి. ఆగడానికి చోటు లేదనిపిస్తే లోడు వదిలేయాలి, అదీ చక్రాలు నేల మీద ఉండగానే. హాపర్ అడుగు గేటు తెరిచి లోడంతా ఒక్కసారిగా వదిలే డంప్ లివర్ లాగడంలో జరిగే ఆలస్యమే ఎక్కువమందిని ముంచుతుంది. మందు ఖరీదు గుర్తొచ్చి చెయ్యి ఆగుతుంది. గేటు తెరవగానే ముక్కు పైకి లేస్తుంది, స్టిక్‌ను (ముక్కును పైకీ కిందికీ నడిపే కర్రను) ముందుకు నొక్కిపట్టాలి. రోజూ మొదటి లోడుకు ముందు కొంచెం నీళ్లు పోసి గేటు పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడాలి. హాపర్ గాలిరంధ్రం మూసుకుంటే ద్రవం సన్నగా కారుతుంది. చెమ్మ తగిలిన పొడి ఎరువు గేటు పైన గడ్డకట్టి అసలు దిగదు, కాబట్టి అలాంటి ఎరువుతో డంప్‌ను నమ్ముకోవద్దు.

నేలకు దగ్గరగా రెక్కల మీద ఈడ్పు (గాలి వెనక్కి లాగే బలం) తక్కువ. అందుకే బరువైన విమానం చాలినంత వేగం రాకుండానే గాల్లోకి లేస్తుంది, కొంచెం పైకి వెళ్లగానే కుంగుతుంది. అప్పుడు భయపడి స్టిక్ వెనక్కి లాగితే స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం) ఖాయం. ముక్కు దించి వేగం అందుకోవాలి, చెట్లు కనిపిస్తున్నాయని తిరగకూడదు. 45 డిగ్రీలు పక్కకు వాలి తిరిగితే స్టాల్ అయ్యే వేగం 19 శాతం పెరుగుతుంది.

తోకచక్రం ఉన్న విమానమైతే తోక లేచే క్షణంలో ముక్కు ఎడమకు లాగుతుంది (ప్రొపెల్లర్ కాక్‌పిట్ నుంచి చూస్తే సవ్యదిశలో తిరిగేదైతే). ముక్కును కుడికి తిప్పే కుడి రడ్డర్ పెడల్ మీద కాలు ముందే సిద్ధంగా ఉండాలి.

ఇంజిన్‌ను పూర్తిగా వదిలేయమని కాదు. డ్రమ్ములనుంచి ఇంధనం నింపే చోట నీళ్లు కలిసే అవకాశం ఎక్కువ, కాబట్టి నింపిన ప్రతిసారీ కొంతసేపు ఆగి, అడుగునుంచి కొంత గాజు సీసాలోకి తీసి వెలుతురులో చూడాలి.