కొసాచ ప్రభువులు సామంతులా, పాలెగాళ్లా?

సందేహం: బోస్నియా మధ్యయుగ చరిత్ర మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. పదిహేనో శతాబ్దంలో హూమ్ అనే సరిహద్దు సీమను ఏలిన కొసాచ వంశం వాళ్లను 'సామంతరాజులు' అని రాశాను. చదివిన మిత్రుడు 'పాలెగాళ్లు' అంటే బాగుంటుందన్నాడు. ఏది సరైంది? ఆ ప్రాంతం ఇప్పటి పేరును హెర్జెగోవినా అనాలా, హెర్సెగోవినా అనాలా?

సమాధానం: రెండు మాటలూ వద్దు. 'ప్రభువులు' అనండి.

సామంతుడు అనగానే ఈనాటి పాఠకుడికి తోచేది కప్పం కట్టి, పిలిచినప్పుడు సైన్యంతో వచ్చి, చక్రవర్తి కొలువులో చేతులు కట్టుకు నిలబడే చిన్న రాజు. బోస్నియాలో వ్యవహారం దాదాపు తలకిందులు. 1404లో హ్ర్వోయె వుక్చిచ్, సందాల్ హ్రానిచ్ కొసాచ లాంటి పెద్ద ప్రభువులే ఓస్తొయ రాజును దించి రెండో త్వర్త్‌కోను గద్దె ఎక్కించారు. భూమి మీద హక్కు కూడా వాళ్లకు రాజు కొలువుకు జీతంగా వచ్చింది కాదు, తాతముత్తాతల నుంచి వచ్చిన సొత్తు. అందుకే దాన్ని అమ్ముకోగలిగారు. డుబ్రోవ్నిక్ పట్టణం పక్కనున్న కొనావ్లే లోయ సంగతే చూడండి. అందులో తన సగాన్ని సందాల్ 1419లో డుబ్రోవ్నిక్ గణరాజ్యానికి అమ్మేశాడు. మిగతా సగం చేతిలో ఉన్న రదొస్లావ్ పావ్లోవిచ్ 1426లో అదే పని చేశాడు. డుబ్రోవ్నిక్ వాళ్లు ఆ పొలాలను తమ కులీన కుటుంబాలకు పంచుకున్నారు. నాలుగేళ్లు తిరక్కుండానే అమ్మిన రదొస్లావే ఆ భూమి కోసం వాళ్ల మీద యుద్ధానికి దిగాడు. వాళ్లు మొర పెట్టుకున్నది ఆటోమాన్ సుల్తాను రెండో మురాద్‌కు. ఈ కథలో ఎవరు ఎవరికి సామంతుడో చెప్పడం ఎంత కష్టమో చూశారా!

సందాల్ తరవాత 1435లో వచ్చిన అన్నదమ్ముల కొడుకు స్త్యెపాన్ వుక్చిచ్ కొసాచ దగ్గర ఈ చిక్కు ఇంకా ముదిరింది. 1443లో తొమాష్ బోస్నియా రాజైతే ఒప్పుకోలేదు. 1444లో నేపుల్స్‌ను ఏలుతున్న అల్ఫోన్సోను ఏలికగా అంగీకరించాడు. 1446లో తన కూతురు కతరీనను అదే తొమాష్‌కు ఇచ్చి పెళ్లి చేశాడు. సుల్తానుకు కప్పమూ కట్టాడు. 1448లో 'హెర్త్సెగ్' అనే బిరుదు తనే పెట్టుకున్నాడు. జర్మన్‌లో సేనాధిపతి, ఆపైన ప్రభువు అనే అర్థమున్న మాట అది, హంగేరియన్ మీదుగా అక్కడికి చేరింది.

సామంత శబ్దం పుట్టుక చూస్తే మాత్రం ఆశ్చర్యమేస్తుంది. సంస్కృతంలో మొదట దాని అర్థం పొరుగువాడు, ఎల్లలు ఆనుకుని ఉన్నవాడు. అర్థశాస్త్రంలో సామంతుడంటే పక్క రాజ్యపు రాజే. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో పొలిమేర తగాదాకు సాక్షులు దొరక్కపోతే నిర్ణయం చెప్పాల్సింది 'సామంత' గ్రామాల వాళ్లు, అంటే చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు. లొంగి ఉన్న రాజు అనే అర్థం తరవాతి శతాబ్దాల్లో స్థిరపడింది. ఆ పాత అర్థంలో కొసాచలకు ఈ మాట చక్కగా అతుకుతుంది. కానీ పాఠకుడికి వినపడేది కొత్త అర్థం, రాసేవాళ్లు దానికే కట్టుబడాలి.

పాలెగాడు విషయం క్లుప్తంగా చెబుతాను. ఆ మాట వెంట రాయలసీమ కొండకోటలు, విజయనగరం పతనం, మన్రో దొర వసూళ్లు అన్నీ వచ్చేస్తాయి. బోస్నియా కొండల మీద అవి మొలవకూడదు.

కొసాచల మరో బిరుదు 'వోయ్‌వోద'కు సేనాని సరిగ్గా సరిపోతుంది: రెండు భాషల్లోనూ సేన, దాన్ని నడిపేవాడు అనే ముక్కలే. అయితే మన సేనానికి సొంత సీమ ఉండదు. కాబట్టి మొదటిసారి 'హూమ్ ప్రభువు, మహా వోయ్‌వోద స్త్యెపాన్' అని రాసి, తరవాత ప్రభువు అని కొనసాగించండి. ఎవరికి ఎప్పుడు కప్పం కట్టాడో అక్కడికక్కడే చెప్పండి, సామంతుడన్న ముద్ర ఒక్కసారే వేసి ఊరుకోవద్దు.

ఇక ఆ సీమ పేరు. హెర్త్సెగ్ మీద వాళ్ల షష్ఠి లాంటి 'ఒవ్', సీమ అని చెప్పే 'ఇన' చేరితే హెర్త్సెగొవిన. అంటే హెర్త్సెగ్ గారి సీమ. 1928లో నంద్యాల సభలో దత్తమండలాలకు రాయలసీమ అని పేరు పెట్టుకున్నప్పుడు మనవాళ్లు అచ్చంగా ఇదే పద్ధతి పాటించారు. నేటి దేశం పేరు రాసేటప్పుడు పత్రికల్లో నలిగిన 'బోస్నియా హెర్జెగోవినా' ఉంచేయండి, ఇంగ్లీషు మీదుగా వచ్చినా జనానికి అలవాటైంది. చరిత్ర భాగంలో మాత్రం ఒకసారైనా హెర్త్సెగొవిన అని రాయండి, లేకపోతే బిరుదుకూ నేలకూ ఉన్న చుట్టరికం తెలుగు పాఠకుడికి కనపడదు. స్త్యెపాన్ చిన్న కొడుకు ఇస్తాంబుల్ చేరి అహ్మద్ పాషా పేరుతో ప్రధాన వజీరైనప్పుడు తుర్కులు అతన్ని 'హెర్సెక్‌జాదె', హెర్త్సెగ్ కొడుకు, అని పిలిచారు. మీ వ్యాసంలో ఆయన ప్రస్తావన వస్తే ఆ పేరును అలాగే ఉంచి పక్కన అర్థం ఇవ్వండి.